మొదటి గిన్నె

ఆగస్టు మొదటి శనివారం, చర్చి పిక్నిక్ రోజున, కానర్స్ మిల్ చర్చి వెనక నుంచి గాలి వీస్తే ఊరంతా ఒకటే వాసన. హికరీ కట్టెల పొగ, ఆ పొగలో కలిసిన గొర్రెమాంసం, మొక్కజొన్న, చిక్కుడు గింజలు, మిరియాలు. ఇనప గంగాళాల్లో గంటలు గంటలు ఉడికి, ఏది మాంసమో ఏది బంగాళాదుంపో ఎవరూ చెప్పలేనంత చిక్కబడిన బర్గూ పులుసు అది. ఆ వాసన తగిలితే ఇమెల్డా హేడెన్ చెయ్యి ఇప్పటికీ గరిటె కోసం వెతుక్కుంటుంది. ఎనభై దాటాయి, మోకాళ్లు మొండికేశాయి, ఒక చెవి పనిచెయ్యడం మానేసింది. చెయ్యి మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాననుకుంటుంది.

ఆమె కౌంటీ బడిలో వంటమనిషిగా పనిచేసింది. చదువుకున్న పిల్లల పేర్లు మరిచిపోతుందేమో గానీ, ఎవడు బఠాణీలు ఏరి పళ్లెం కింద దాచేవాడో మరిచిపోదు. ఆ లెక్కన మా షెరీఫూ, బ్యాంకు మేనేజరూ, ఇద్దరు ఫాదర్లూ ఆమె దృష్టిలో పాత నేరస్థులే.

ఈ మధ్య ఎన్నికలకి నిలబడేవాళ్లు వస్తారు, గరిటె పట్టుకుని ఫోటో దిగుతారు, కారెక్కి పోతారు. గరిటె గంగాళంలో మునగను కూడా మునగదు. అది చూసినప్పుడల్లా ఇమెల్డాకి ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు ఆ గరిటె పట్టుకోవడం అంటే పరీక్షకి కూర్చోవడం.

ఆ పరీక్ష పెట్టింది ఆమె భర్త అర్బన్. అప్పుడు ఇద్దరూ పడుచువాళ్లు. రాష్ట్ర కోశాధికారి పదవికి నిలబడ్డ ఒక పెద్దమనిషి తెల్లటోపీ పెట్టుకుని వేదికెక్కి, మిట్టమధ్యాహ్నం ఎండలో తన నిజాయితీ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆడవాళ్లు విసనకర్రలు విసురుకుంటున్నారు, పిల్లలు నిమ్మరసం దగ్గర కొట్టుకుంటున్నారు, అందరి కడుపులూ కాలుతున్నాయి. గంగాళాల పెద్ద అర్బన్ తిన్నగా వెళ్లి ఆయన చేతిలో గరిటె పెట్టాడు.

"అయ్యా, తమరు అంత నికార్సయిన మనిషైతే, ఈ వరుసకి పొయ్యండి. మేం చూస్తాం."

బర్గూ పొయ్యడంలో ఒక కిటుకుంది. ప్రతి గరిటెకీ అడుగు నుంచి కలపాలి. కలపకపోతే పైన తేటే వస్తుంది, మాంసం అడుగునే ఉండిపోతుంది. తెల్లటోపీ ఆయన రైతులకి పైపైన ముంచి పోశాడు. జడ్జిగారి గిన్నె రాగానే గరిటె కర్ర దాకా దించాడు. వరుసంతా అది చూసింది. నవంబరు ఎన్నికల్లో మా కౌంటీలో ఆయనకి పడ్డ ఓట్లు ఆయన చుట్టాలవే అని చెప్పుకున్నారు.

అప్పటి నుంచి అదే ఆచారం. గవర్నరు పదవికి నిలబడేవాళ్లు వేదిక మీద ఏం కావాలంటే అది మాట్లాడుకోవచ్చు. జనం సొమ్ము చేతిలో పెట్టమని అడిగేవాళ్లు, అంటే కోశాధికారి, ఆడిటరు పదవులకి నిలబడేవాళ్లు, ఏ పార్టీ వాళ్లయినా సరే, ముందు వరుస మొత్తానికి వడ్డించాలి. చిట్టచివర నిలబడ్డ వాడి గిన్నెలోకి జనమంతా తొంగిచూసేవాళ్లు.

ఇంకో ఆచారం అంతకన్నా పాతది. గంగాళం అడుగంటితే, ఎవరి కాపలాలో అంటిందో వాళ్లు మొదటి గిన్నె అందులోంచే పోయించుకుని, వరుసకి ఎదురుగా నిలబడి, అందరూ చూస్తుండగా తినాలి. తిని "నా వల్లే" అనాలి. అంతే. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తరు.

ఒక ఏడు అర్బనే రేడియోలో బేస్‌బాల్ వింటూ కునుకుతీశాడు. తెడ్డు ఆగింది, గంగాళం అంటింది. కట్టెలు తడిశాయి అనొచ్చు, పక్కవాడి వంతు అనొచ్చు. అర్బన్ గిన్నె పోయించుకుని, టోపీ తీసి, నల్లటి ముక్కలతో సహా అడుగుదాకా తిన్నాడు.

"నా వల్లే," అన్నాడు.

"ఉప్పు సరిపోయిందా అర్బన్?" అని వరుసలోంచి ఎవరో అరిచారు.

"ఉప్పు సరిపోయింది. బొగ్గే కాస్త ఎక్కువైంది."

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మరుసటేడు అదే గంగాళం మళ్లీ ఆయనకే అప్పజెప్పారు. ఆ సాయంత్రం ఇమెల్డా ఆయన చొక్కా ఉతుకుతూ "నిద్రమొహమా" అని తిట్టింది గానీ, ఆ మనిషిని కట్టుకున్నందుకు అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు. ఈ మాట ఆయన బతికుండగా చెప్పలేదు. అదే ఇప్పటికీ ఆమెకి కలుక్కుమంటుంది.

అర్బన్ పోయాక గంగాళాల దగ్గరి మగవాళ్లు గరిటెని వార్తాపత్రికలో చుట్టి తెచ్చి ఆమె గుమ్మంలో నిలబడ్డారు. రోడ్ల శాఖలో యంత్రం నడిపే క్లీటస్ పేన్ గొంతు సవరించుకుని, "నువ్వే పట్టాలి వదినా. మేం నలుగురం పట్టుకుంటే నాలుగు రకాలుగా పోస్తాం," అన్నాడు. అంతకుముందు ఆడమనిషి ఎవరూ దాన్ని పట్టలేదు.

ఇక రాయిస్ సంగతి. రాయిస్ వాథెన్ ఇమెల్డా చెల్లెలు రొజెల్లా కొడుకు. రొజెల్లా పొగాకు గోదాములో పనికి పోతే, వాడు పెద్దమ్మ వంటింట్లోనే పెరిగాడు. వాడి గొంతు దేవుడు తీరుబడిగా చేసింది. హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటలకి రేడియోలో వ్యాఖ్యానం చెప్పేవాడు. చలికాలం శుక్రవారం సాయంత్రాల్లో, కొట్టాల్లో పాలు పితికేవాళ్లూ, కార్లలో పోయేవాళ్లూ, రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా వాడి గొంతు వినేవాళ్లు. ఆ గొంతు కోశాధికారి పదవికి నిలబడితే ఇంకేం కావాలి? ఆ పదవికి వయసు తప్ప వేరే అర్హత అడగరు కూడాను.

ఆ ఏడు గరిటె వాడి చేతికిచ్చింది ఇమెల్డానే. నేర్పిందీ ఆమే. వాడు అడుగు నుంచి కలిపి పోశాడు, ప్రతి గిన్నెకీ. బిషపుగారికి ఎంత మాంసం పడిందో, చిట్టచివర నిలబడ్డ రాళ్లక్వారీ కూలీకీ అంతే పడింది. జనం చప్పట్లు కొట్టారు. "ఇన్నాళ్లకి మనవాడొకడు దొరికాడు," అని క్లీటస్ కళ్లు తుడుచుకున్నాడు. ఇమెల్డా మొహం చూసి తీరాల్సిందే. నవంబరులో రాయిస్ గెలిచాడు.

వాడు దొంగ కాదు. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే తర్వాత చాలామంది చాలా అన్నారు. వాడు డాలరుకి డాలరు అప్పజెప్పే మనిషే. కానీ వడ్డించడం నేర్చుకున్నాడు తప్ప ఎప్పుడూ వండలేదు. నగరం నుంచి ఒక కంపెనీ తీయగా మాట్లాడుతూ వచ్చింది. సముద్రపు ఒడ్డున హోటళ్లు కడతాం, ఉద్యోగుల పింఛను నిధి పెట్టండి, రెట్టింపు చేసిస్తాం అంది. రాయిస్ సంతకం పెట్టాడు. హోటళ్లు లేవలేదు. కంపెనీ లేచిపోయింది.

బడి వంటవాళ్లకీ, బస్సు డ్రైవర్లకీ, రోడ్ల శాఖ వాళ్లకీ ఏటా కాస్తో కూస్తో పెరిగే పింఛను ఆగిపోయింది. వైద్యం ఖర్చులో కోత పడింది. క్లీటస్ మోకాలి ఆపరేషన్ వాయిదా వేసుకుని కర్ర కొనుక్కున్నాడు. రేడియోలో అడిగితే రాయిస్ ఆ బంగారు గొంతుతోనే, "అదంతా నిపుణులు చూసుకున్నారండీ, మార్కెట్ పరిస్థితి అలాంటిది," అన్నాడు. ఇమెల్డా రేడియో కట్టేసింది.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. పిక్నిక్ ముందు రోజు అక్కాచెల్లెళ్లిద్దరూ ఇమెల్డా వరండాలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నారు. రొజెల్లా చేతులు ఆపింది.

"రేపు వాడికి గరిటె ఇస్తున్నావుగా?"

"ముందు ఇంకోటి ఇస్తా. అది పుచ్చుకుంటే గరిటె కూడా ఇస్తా."

రొజెల్లాకి వెంటనే అర్థమైంది. "మొదటి గిన్నె పెడతావా నా కొడుక్కి? అంతమంది ముందరా?"

"అర్బన్‌కి పెట్టలేదూ?"

"అర్బన్ పులుసు మాడ్చాడే, అక్కా. వీడేం మాడ్చాడు? వాడి జేబులో ఒక్క పైసా పడిందా చెప్పు."

"పడలేదు. అర్బన్ జేబులో మాంసం ముక్కలు పడ్డాయా మరి? నిద్రపోయాడు, అంతే. వీడూ నిద్రపోయాడు."

"అది గనక చేశావంటే ఇక నీకూ నాకూ మాటల్లేవు. చెప్తున్నా."

ఇమెల్డా ఇంకో కాయ ఒలిచింది. అమ్మ పోయినప్పటి నుంచి ఆమెకి మిగిలింది ఆ చెల్లెలొక్కతే. ఒలిచిన గింజల గిన్నె రొజెల్లా దబ్బున కింద పెట్టి వెళ్లిపోయింది. సగం గింజలు వరండా మీద దొర్లాయి.

మర్నాడు రాయిస్ తెల్లచొక్కా వేసుకుని, దారిపొడుగునా చేతులు కలుపుకుంటూ గంగాళం దగ్గరికొచ్చాడు. గరిటె కోసం చెయ్యి చాపాడు. ఇమెల్డా ఆ చేతిలో నిండు గిన్నె పెట్టబోయింది. చేతులు కలుపుతున్న జనం ఆగిపోయారు.

"ఇదేంటి పెద్దమ్మా? ఈ ఏడు ఏదీ అడుగంటలేదే."

"ఇక్కడ అంటలేదురా. నీ దగ్గర అడుగంటింది."

రాయిస్ మొహం ఎర్రబడింది. తర్వాత రేడియో గొంతు బయటికొచ్చింది. "చూశారా అండీ, మా పెద్దమ్మ ఉండగా నాకు వేరే ప్రతిపక్షం దేనికి?" కొందరు నవ్వారు. వాడు గిన్నె పుచ్చుకోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మార్కెట్ గురించీ నిపుణుల గురించీ మొదలుపెట్టాడు.

"ఒరేయ్ రాయిస్," అంది ఇమెల్డా మెల్లిగా, "కట్టెలు తడిశాయని మీ పెదనాన్న కూడా చెప్పొచ్చురా."

వాడు ఆగలేదు. అప్పుడు ఆమె ఆ గిన్నె తీసుకుని వరుసకి ఎదురుగా నడిచింది. ఎండలో నిలబడి, అడుగుదాకా తింది.

"వీడికి గరిటె ఇచ్చింది నేను," అంది. "బాగా పోస్తాడా అని చూశాను గానీ, వండటం వచ్చా అని అడగలేదు. నా వల్లే."

ఈసారి ఉప్పు గురించి ఎవరూ అడగలేదు. రాయిస్ కారెక్కి వెళ్లిపోయాడు. వాడి వెనకే రొజెల్లా.

మా కౌంటీలో వాడు చిత్తుగా ఓడిపోయాడు. రాష్ట్రంలో గెలిచాడు. మిగతా రాష్ట్రం వాళ్లకి గొంతే తెలుసు, గంగాళం తెలీదు. చర్చిలో రొజెల్లా కుడివైపు బెంచీల నుంచి ఎడమవైపుకి మారింది. ఈస్టరుకి ఒకరి వంట ఒకరు పంపుకోవడం ఆగిపోయింది. ఇమెల్డా ఆదివారాలు ప్రార్థన కన్నా చెల్లెలి టోపీనే ఎక్కువ చూసేది. తను చేసింది తప్పు కాదని ఆమెకి తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన వంటిల్లు నిండదు.

ఆ రెండో దఫా కూడా అయిపోయి, పదవి ఇంకొకరికి పోయాక, రాయిస్ గురించి మాట్లాడుకోవడం మానేశారు. నగరంలో ఎక్కడో కుర్చీలూ మంచాలూ అమ్ముతున్నాడన్నారు. అలా కొన్నేళ్లు గడిచాయి.

ఒక ఆగస్టులో, వడ్డన గంట ఇంకా మోగకముందే, వరుస మొదట్లో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, చొక్కా ఇస్త్రీ లేదు. చేతిలో ఖాళీ గిన్నె.

"దీన్లో పొయ్యి, పెద్దమ్మా. మొదటి గిన్నె నాది."

గంగాళం వెనక నుంచి క్లీటస్ అడ్డొచ్చాడు. "ఈ ఏడు ఏదీ అంటలేదురా అబ్బాయ్. బ్రహ్మాండంగా వచ్చింది."

"తెలుసు క్లీటస్ మామా."

ఇమెల్డా గరిటె అందుకుంది. అడుగు నుంచి కలిపి, అందరికీ పోసేంతే పోసింది. సొంత బిడ్డలాంటి వాడని ఒక ముక్క ఎక్కువ లేదు, కోపం ఉందని ఒక ముక్క తక్కువ లేదు. రాయిస్ వరుస వైపు తిరిగాడు. పాత బస్సు డ్రైవర్లున్నారు, ఆమెతో పనిచేసిన వంటవాళ్లున్నారు, కర్రకి ఆనుకుని క్లీటస్ ఉన్నాడు. రాయిస్ అడుగుదాకా తిన్నాడు. మైకు లేదు. మాట్లాడినప్పుడు ఆ గొంతులో రేడియో కూడా లేదు.

"నేను సంతకం పెట్టినవాటిలో సగం నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. నా వల్లే."

క్లీటస్ గొంతు సవరించుకున్నాడు.

"బొగ్గు తగిలిందా రాయిస్?"

"తగిలింది మామా. బాగానే తగిలింది."

"అయితే ఇటు రా, ఈ తెడ్డు పట్టు. నా మోకాలు పనికి రాదు. ఈసారి వండటం నేర్చుకుందువు గాని."

వరుస కదిలింది. ఇమెల్డా తల వంచుకుని పోస్తూనే ఉంది, కళ్లలో నీళ్లకి పొగ అడ్డంపెట్టుకుని. ఇంకో గిన్నె ముందుకొచ్చింది. ఆ చేతులు ఆమెకి తెలుసు. పోసింది. ఆ గిన్నె పక్కకి జరగలేదు. రొజెల్లా అక్కడే నిలబడి, ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించింది.

"ఉప్పు తక్కువైంది, అక్కా."

"నీకెప్పుడు సరిపోయింది గనక," అంది ఇమెల్డా, గరిటె మళ్లీ అడుగుదాకా దించుతూ.