పడుగు దిగినాక

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు నేను రాసిన పేజీలన్నీ చదివి, "ఇంత రాసినావు గానీ అత్తా, మగ్గం మీద నీ పక్కన కూర్చోనిండేది ఎవరో ఒక్క తూరి కూడా సరిగ్గా చెప్పలేదే" అనింది. ఆడవాళ్ళ స్వీయకథలు పుస్తకంగా వేస్తామని ఎవరో అడిగితే రాసిన పేజీలవి. కరువు రాశాను, నాయన దగ్గు రాశాను, చివరికి మా మేక ఆగడాలు కూడా రాశాను. ఆమెను మాత్రం ఒకచోట తోటి నేతమనిషి అని, ఇంకోచోట స్నేహితురాలు అని రాసి గట్టెక్కాను. గుట్టు దాచడంలో మన ఈడు ఆడవాళ్ళను మించినవాళ్ళు లేరు కదా!

డెబ్బైల చివర్లో, వానలు మొహం చాటేసిన ఏడు, నాయనకు చూపు మందగిస్తే ధర్మవరంలో మా ఇంటి మగ్గం గుంతలోకి నేను దిగాను. కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతున్నాయని నాయన పాత చొక్కా తొడుక్కుని లుంగీ కట్టుకున్నాను. పని కోసమేనని అందరితోనూ అన్నాను గానీ, ఆ బట్టల్లో ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో, సాయంత్రం మళ్ళీ చీర చుట్టుకోవాలంటే ఎంత విసుగనిపించేదో ఇన్నేళ్ళకు ఇప్పుడు చెబుతున్నాను. పెద్దంచు పట్టుచీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నేను నేసే పోగును రెండో మనిషి అంచు పోగుతో మెలివేయాలి. ఆ అంచు నేయడానికి వచ్చింది ఆమె, గోరంట్లలో మొగుణ్ణి వదిలేసి మా వీధిలో తన చిన్నమ్మ ఇంట్లో తలదాచుకున్న మనిషి. ఏడాది తిరక్కుండా, ఆమె రాని రోజు నాకు అన్నం సహించేది కాదు. ఆమెకూ అంతేనని తెలిశాక భయమూ సంతోషమూ కలిసే వచ్చాయి. దానికి ఒక పేరుంటుందని కూడా మాకు తెలియదు.

అప్పుడే మా మేనమామ సంబంధం తెచ్చాడు. ఆయన కదిరిలో బట్టల అంగడి మనిషి, చీర అమ్మడం తప్ప నేత సంగతులు పెద్దగా ఎరగడు. పిల్లవాడు మంచివాడే, వంక పెట్టడానికి ఏమీ లేదు, అదే నా ఖర్మ. పెళ్ళయితే ఊరు వదలాలి, ఆమెను వదలాలి. నోరు విప్పి చెప్పే మాటా కాదు. తల వంచుకుని నేస్తూ ఉంటే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "మగ్గం మీద పడుగుండాదన్నా. నడిమధ్యలో చేయి మారితే చీర చెడతాది. పడుగు దిగినాక చూస్తాంలే."

ఆ పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులు, మూడు చీరలకు సరిపడే దారం. మూడూ నేసేస్తే పడుగు దిగినట్టే. ఆఖరి చీర ముగిసేకొద్దీ నేను కావాలనే నిదానంగా నేస్తూ వచ్చాను. ఇంకా మూరెడు నేత ఉండగానే, ఎప్పుడూ పోగులు అతకడానికి కూలికి వచ్చే ఆయన కోసం చూడకుండా, అమ్మే కొత్త పడుగు ముందు కూర్చుంది. పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే, వేళ్ళకు బూడిద అద్దుకుంటూ మెలిపెట్టి అతికించింది. మేనమామ మళ్ళీ వస్తే మళ్ళీ అదే జవాబు, పడుగుండాదన్నా. నాలుగైదు సార్లు తిరిగి ఆయన చెప్పులరిగాయి, నాకు పెళ్ళీడు దాటింది, మా మగ్గం మాత్రం ఎన్నడూ ఖాళీ కాలేదు. ఆ చిన్నమ్మ పోయాక, నా పక్కన నేసే ఆమె పరుపు కూడా మా ఇంటికే వచ్చింది. అమ్మ రాత్రికి ఇంకొక కంచం పెట్టింది.

అమ్మ కళ్ళు కప్పామనుకుని మేమిద్దరం ఎన్నిసార్లు చాటుగా నవ్వుకున్నామో! మొన్న పిల్ల అడిగాక, ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చుంటే, పాత పడుగు దిగకముందే కొత్తది అతకడానికి అమ్మ ఆ రోజు ఎందుకంత తొందరపడిందో అప్పుడు తట్టింది. అమ్మకు అంతా తెలుసు. కలం పక్కన పెట్టి ఏడ్చాను, ఎన్నేళ్ళ బరువో దిగినట్టు.

ఇప్పుడు వీధంతా మరమగ్గాల చప్పుడు, పక్కన రెండో మనిషి అవసరమే లేదు. మా మేనకోడలు మాలాంటివాళ్ళను పిలిచే పేర్లు మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా చెబుతుంది, వినడానికి ముచ్చటగానే ఉంటుంది. నేను మాత్రం స్నేహితురాలు అన్నచోటల్లా కొట్టేసి, నా మనిషి అని రాశాను. ఆమెకు ఇప్పుడు కళ్ళు సరిగా కనపడవు, అందుకని అరుగు మీద కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను.

అంతా విని, ఆమె నా చొక్కా చేయి సవరిస్తూ, "మీయమ్మ ఉన్నప్పుడే ఇది చదివి వినిపించింటే బాగుండు" అనింది.