లేగ తాగినాక

1942 ఎండాకాలం. బస్తర్ రాజ్యంలో, భోపాలపట్నం పశువుల ఆసుపత్రిలో నేను స్టాక్‌మన్‌ని. అంటే డాక్టరు చేతికింద మనిషిని. దర్పం మాత్రం డాక్టరుకన్నా ఎక్కువ.

టీకాలు వేస్తూ తర్లగూడ దగ్గర దోర్ల తెగవాళ్ళ పల్లె ఒకదానికి వెళ్ళాను. అక్కడ లచ్చమ్మ అనే ముసలామె ఒళ్ళో ఐదు రోజుల మనవరాలు. కూతురు కాన్పులోనే పోయింది. ఊళ్ళో పాలిచ్చే తల్లి ఒక్కతే, ఆమేమో జ్వరంతో పడి ఉంది. పసిదానికి గంజినీళ్ళు పడితే కక్కేస్తోంది. ఏడ్చే ఓపిక కూడా లేదు.

పాకలో ఈనిన ఆవు కనిపించింది. "దాని పాలు పిండి పట్టకపోయావా అవ్వా?" అన్నాను.

"అవి లేగ పాలయ్యా. మేం పిండం. దాని నోటికాడిది గుంజుకుంటే మంచిగుంటదా?"

ఆ పల్లెల్లో ఆవుని పిండే అలవాటే లేదు. నాకు కోపం వచ్చింది. "పిల్ల దక్కదు అవ్వా" అన్నాను. ఆమె మనవరాలి మొహం చూసింది. లేచి వెళ్ళి పాలు పిండడానికి సొరబుర్ర తెచ్చి ఇచ్చింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, నేను మొదట చేసిన పని లేగని దూరంగా కట్టెయ్యడం. తరవాత ఆవు వెనక కాళ్ళకి తాడు వేశాను. చెయ్యి తగలగానే వణికింది, పెనుగులాడింది. పొదుగు నిండా పాలే, చుక్క రాలేదు. మా శాఖలో దీన్ని లెట్‌డౌన్ కాలేదంటారు. మన మాటలో ఆవు చేపలేదు, పాలు కిందికి విడవలేదు. లేగ వాసన, మూతి తాకిడి తెలిస్తే ఆవు చేపుతుంది, భయపడితే పాలు బిగబట్టేస్తుంది. చదువుకున్న సంగతే, కంగారులో గుర్తు రాలేదు.

"ఎవరో తెల్వనోడు కాళ్ళు కట్టి అడిగితే ఇస్తదా?" అంది లచ్చమ్మ. "లేగను ఇడువయ్యా. ముందు దాన్ని తాగనీ. మిగిలింది అడుగుదం."

రెండు తాళ్ళూ విప్పాను. లేగ వచ్చి పొదుగులో కుమ్మింది. ఆవు దాని వీపు నాకడం మొదలుపెట్టింది. కాసేపటికి లేగ మూతికి నురగ వచ్చింది. లచ్చమ్మ ఆవు మెడ నిమిరి, "నీ బిడ్డ తాగింది తల్లీ, ఇగ నా బిడ్డకింత ఇయ్యి" అంది. ఈసారి నా చేతికి పాలు దిగాయి.

కాచి, నీళ్ళు కలిపి, గుడ్డవత్తి తడిపి పసిదాని దగ్గర పెట్టాం. ముందు కదల్లేదు. వత్తి చెంపకి తగిలేసరికి మొహం అటు తిప్పి, అందుకుని చప్పరించింది. కూతురు పోయిన రోజునుంచీ కన్నీరు రాని లచ్చమ్మ ఆ చప్పుడు విని వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు.

ఎనిమిది నెలల తరవాత మళ్ళీ వెళ్తే పిల్ల బొద్దుగా ఉంది. మురిపెంగా ఎత్తుకోబోయాను. బిగుసుకుపోయి ఏడుపు లంకించుకుంది.

"ఆగయ్యా, ముందు బిడ్డను నీ మొకం చూడనీ" అంది లచ్చమ్మ.

పశువు దగ్గరైనా పసిబిడ్డ దగ్గరైనా ముందు ఆగాలని నాకు నేర్పింది ఆమే. నేల మీద కూచున్నాను. చాలాసేపటికి పిల్లే పాక్కుంటూ వచ్చి నా వేలు పట్టుకుంది.