దొరసానిగారి బిళ్ళ

ఇవాళ రేకు డబ్బా మూత తీయగానే లవంగాల వాసన గుప్పుమంది. పురుగు పట్టకుండా మా అమ్మ వేసిన లవంగాలు. అమ్మ పోయి ఎన్నాళ్ళో అయింది, ఆవిడ వేసిన లవంగాలు మాత్రం ఇంకా కాపలా కాస్తూనే ఉన్నాయి. డబ్బాలో ఉన్నవి అమెరికా తపాలా బిళ్ళలు.

మాది రాజమండ్రి. మా నాన్నగారు మిషను వారి ఆడపిల్లల బడిలో పంతులు, ఆ బడిని నడిపే అమెరికా దొరసానిగారికి నేనంటే ప్రాణం. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో, వాన చూరు మీంచి ధారలు కడుతుంటే, బంగళా వరండాలో ఇత్తడి పళ్ళెం నిండా నీళ్ళు పోసి, ఆవిడకొచ్చిన కవర్ల ముక్కలు నానేసుకుని ఇద్దరం కూర్చునేవాళ్ళం. జిగురు వదిలాక పూతరేకు విప్పినంత ఒడుపుగా బిళ్ళను లాగాలి. జెండా పట్టుకుని కొత్త ఒడ్డున దిగిన నావికుడు, గుర్రం మీద అడవిదున్నను తరిమే వేటగాడు, పొగలు కక్కే రైలు, జలపాతం దగ్గర వంతెన, ఇవన్నీ నా వేళ్ళకు అంటుకుంటూ బయటికి వచ్చేవి. మన బిళ్ళలకు అర్ధణాకో రంగు, అణాకో రంగు తప్ప, ఎప్పుడు చూసినా ఒక్క మహారాణీగారి మొహమే.

పూర్వం అమెరికా ఉత్తరానికి ఓడను బట్టీ, దారిని బట్టీ తపాలా రేటు మారేదట. దేశాలన్నీ ఒక మాట మీదికి వచ్చాక, మా ఊరి దాకా మామూలు ఉత్తరానికి అయిదు సెంట్లే అయింది. అంటే సుమారు రెండున్నర అణాలని నాన్నగారు చెబితే, అమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఆ డబ్బెడితే ఆత్రేయపురం పూతరేకులొచ్చేవి కదండీ!"

గడ్డాల వాళ్ళూ బట్టతలల వాళ్ళూ ఉన్న బిళ్ళలు చూసి, వీళ్ళంతా మీ రాజులా అని ఒకసారి దొరసానిగారిని అడిగాను.

"మాకు రాజులు లేరు, రత్నం. మా దేశములో బ్రదికి ఉన్నవారి ముఖము బిళ్ళ మీద వేయరు. చనిపోయిన గొప్పవారిని మాత్రమే వేయుదురు," అన్నారు ఆవిడ, బైబిలు తెలుగులో.

ఆ తరవాతి వేసవిలో ఆవిడకు విడవని జ్వరం పట్టుకుంది. అమెరికా పంపేయడానికి మోసుకెళ్ళి రైలెక్కించారు. "తిరిగి వచ్చెదను" అన్నారు గానీ, ఆ గొంతు విన్నవాళ్ళెవరూ నమ్మలేదు. నేను మాత్రం రోజూ తపాలా బంట్రోతు కోసం గేటు దగ్గర కాపు కాసేదాన్ని.

చివరికి అమెరికాలోని మిషను ఆఫీసు నుంచి ఓ రిజిస్టరు ఉత్తరం వచ్చింది. అందులో బడి చందా ఉందని, పాదిరిగారి ఎదుటే విప్పాలని, నాన్నగారు సంతకం చేసి దాన్ని బల్ల మీద పెట్టి ఆయన్ని పిలవడానికి వెళ్ళారు. కవరు మీద రెండు బిళ్ళలు. ఒకదాని మీద గడ్డం ఆయన. రెండోదాని మీద ఆడమనిషి! కుచ్చుల టోపీ, గుండ్రటి బుగ్గలు, అచ్చం మా దొరసానిగారే. బల్ల పట్టుకుని భోరుమన్నాను.

"ఏంటే రత్నం, ఆ ఏడుపేంటి?" అంటూ అమ్మ వచ్చింది.

"దొరసానిగారు పోయారమ్మా. బిళ్ళ మీద వేసేశారు."

అమ్మ బిళ్ళను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. పాదిరిగారు వచ్చేసరికి పక్కిళ్ళ వాళ్ళు కూడా చేరి, మా ఇల్లు చావిల్లే అయింది. నాన్నగారు బిళ్ళ కింది పేరు చదివి నెత్తి కొట్టుకున్నారు.

"ఈవిడ వాళ్ళ మొదటి అధ్యక్షుడి భార్య. పోయి నూరేళ్ళయింది! రిజిస్టరు చేస్తే ఇంకో ఎనిమిది సెంట్లు పడతాయి, అందుకని ఈ బిళ్ళ అంటించారు. ముందు ఉత్తరం విప్పనీండి!"

లోపల దొరసానిగారి చేతిరాతే. జ్వరం తగ్గింది, వానలు వెలిశాక వస్తున్నానని. అమ్మ అదే కొంగుతో కళ్ళు తుడుచుకుని అందరికీ బెల్లం ముక్కలు పంచింది.

వచ్చారు కూడా. స్టేషనులోనే ఎవరో ఈ కథ ఊదేశారు. ఆవిడ నవ్వి నవ్వి నన్ను దగ్గరికి లాక్కున్నారు.

"నా ముఖమునకు అంత వెల ఉన్నదా, రత్నం?"

"ఎనిమిది సెంట్లండి," అన్నాను.

ఆ తరవాత చాలా ఏళ్ళు బతికి, ఇక్కడే కన్నుమూశారు. గోదారి గాలి తగిలే చోటే సమాధి చేశాం. ఆ బంగళా వరండా లేదు, ఇత్తడి పళ్ళెం ఎవరు పట్టుకుపోయారో తెలీదు. ఆవిడ బొమ్మతో వాళ్ళ దేశం బిళ్ళేమీ వేయలేదు. అయినా డబ్బా తెరిచినప్పుడల్లా మనవరాలు ఈ టోపీ ఆవిడ ఎవరని అడిగితే, కింద ఎవరి పేరున్నా సరే, మా దొరసానిగారనే చెబుతాను. ఇప్పుడు ఆవిడా పోయారు కదా, వాళ్ళ ఆచారానికీ లోటు లేదు.