తమ్ముడు బాప్తిస్మం తీసుకున్న లోకం

మా సంఘంలో ఎవరి సంగతైనా నలుగురిలో పెట్టాలంటే ముందు "ప్రార్థన కోసమే చెబుతున్నాను" అనాలి. ఆ ఒక్క మాట అన్నాక ఎవరింటి గుట్టయినా విప్పొచ్చు. ఒకరి కొడుకు తాగుడు, ఒకరి కోడలి నోరు, ఇంకెవరిదో కుదరని పెళ్లి, అన్నీ అలాగే నా చెవిన పడ్డాయి. పేరు చెప్పరు. "ఒక సహోదరి" అంటారు, "ఒక కుటుంబం" అంటారు. ఆ సహోదరి ఎవరో వెనక వరుసలో ఆడుకునే పిల్లలకు కూడా తెలుసు. ఇన్నేళ్లూ నేను కూడా కళ్లు మూసుకుని ఆమెన్ అన్నదాన్నే. నా వంతు వచ్చేదాకా అందులో తప్పేమీ కనబడలేదు.

ఇక్కడ నేనూ ఎవరి పేరూ రాయడం లేదు. మర్యాద కోసం కాదు. పేరు రాస్తే నా గుట్టు విప్పిన ఆవిడ గురించి ఇంకో నాలుగు మాటలు రాయాలనిపిస్తుంది, నా నోరు నాకు తెలుసు.

నేను గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పక్కవాళ్లు చేసిన పనిలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. అమ్మ ఆ రోడ్డులోనే మరో ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసి నన్నూ తమ్ముణ్ణీ చదివించింది. అమ్మా నేనూ కొత్తగూడలో కిరాయికి ఉంటున్నాం. తమ్ముడు బైక్ ట్యాక్సీ నడుపుతూ, పుప్పాలగూడలో స్నేహితులతో కలిసి ఒక గదిలో ఉండేవాడు. మా ఇంట్లో మొదట ప్రభువును నమ్ముకున్నది అమ్మ, తర్వాత నేను. వాడు మాత్రం పదేళ్లు తప్పించుకు తిరిగాడు. అమ్మ బాప్తిస్మం మాట ఎత్తినప్పుడల్లా "జర చలి తగ్గనియ్యమ్మా, మునుగుతా" అనేవాడు. ఎండాకాలంలో కూడా అదే జవాబు.

చివరికి వాడి గదికి దగ్గర్లో ఉన్న చిన్న సంఘానికి వెళ్లడం మొదలుపెట్టి, తనంతట తనే ఒప్పుకున్నాడు. ఫలానా ఆదివారం అని రోజు కూడా అనుకున్నారు. అప్పుడు అమ్మ మోకాళ్ల నొప్పులకు మందు వేయించుకోవడానికి సిద్దిపేట దగ్గర మా పెద్దమ్మ వాళ్లింట్లో ఉంది. సరిగ్గా ఆ ఆదివారమే మా ఆఫీసులో రిలీజ్ పడింది. మేం తయారుచేసింది బయటికి వెళ్లే రోజు, కదలడానికి వీల్లేదు.

"ఒక్క వారం ఆగురా. నేను చూడకుండ ఎట్ల మునుగుతవ్?" అన్నాను ఫోన్‌లో.

"సరే అక్కా, నీ కోసం ఇంకో వారం పాపిగనే ఉంటా" అని నవ్వాడు.

రిలీజ్ అయిపోయింది. ఆ గురువారం వానలో వాడి బండి జారింది. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయింది.

అమ్మ వచ్చింది. వాడి మొహం చూసింది. ఏడుపు కూడా మొదలుకాకముందే నా చెయ్యి పట్టుకుని, "బాప్తిస్మం అయిందా బిడ్డా?" అని అడిగింది. నీళ్లలో దిగకుండా పోయినవాళ్ల గతి గురించి మా పాస్టరయ్య ఎంత గట్టిగా చెబుతాడో మా ఇద్దరికీ తెలుసు. నేను అమ్మ కళ్లలోకి చూసి "అయింది" అన్నాను. ఆ మాటే ఆమెను నిలబెట్టింది. మట్టి వేసేటప్పుడు కూడా "నా కొడుకును మళ్ల చూస్త" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. పుప్పాలగూడ సంఘం వాళ్లెవరూ ఆమెకు తెలియదు కాబట్టి నా అబద్ధం అలా నిలబడిపోయింది.

నిజం ఒక్క మనిషికే చెప్పాను. ఆవిడ మా సంఘంలోనే ఉంటుంది, మా ఆఫీసుదే పక్క బిల్డింగ్‌లో పని చేస్తుంది, గోదావరి వైపు మనిషి. ఇద్దరం ఒకే ఆఫీసు బస్సులో పక్కపక్కన కూర్చునేవాళ్లం. నేను అక్కా అనేదాన్ని. తమ్ముడు పోయిన వారమంతా మా ఇంటికి అన్నం, చారు మోసుకొచ్చి, నేను ముట్టకపోతే కలిపి నోట్లో పెట్టింది. అలాంటి మనిషి దగ్గర దాచడమెందుకు అనుకున్నాను.

తమ్ముడు పోయిన ఐదు నెలలకు ఒకరోజు క్యాంటీన్‌లో మా టీమ్ కుర్రాడొకడు ప్యారలల్ యూనివర్స్‌ల గురించి చెప్పాడు. జరగడానికి వీలున్నదల్లా ఎక్కడో ఒక విశ్వంలో జరుగుతూనే ఉంటుందని కొందరు శాస్త్రవేత్తలు అంటారట. రుజువు లేదు, లేదని తేల్చిందీ లేదట. అయితే ఏదో ఒక విశ్వంలో వాడికి లాటరీ తగిలి, పెళ్లి కూడా అయ్యుంటుందని మిగతావాళ్లు వేళాకోళం చేశారు. నాకు మాత్రం తమ్ముడి ఆదివారం గుర్తొచ్చింది. ఆ రోజు బస్సెక్కగానే ఆవిడను అడిగాను.

"అక్కా, నవ్వొద్దు. ఇంకో లోకంల మా రిలీజ్ శుక్రవారమే అయిపోయుంటది. నా తమ్ముడు ఆదివారం నీళ్లల్ల దిగుంటడు. గట్ల ఉండొచ్చా? మన విశ్వాసానికి అది అడ్డమా?"

ఆవిడ నవ్వలేదు. "ఎందుకు అడ్డమమ్మా? దేవుడు ఒక్క లోకమే చెయ్యాలని ఎక్కడుంది? చేసేవాడికి హద్దు పెట్టడానికి మనమెవరం?"

అక్కణ్ణుంచి దాదాపు నెల రోజులు బస్సులో మాకు అదే మాట. నేను ఆఫీసులో చేసినట్టే తప్పులు వెతికేదాన్ని. ప్రభువు ఒక్కసారే, అందరి కోసం చనిపోయాడని నమ్ముతాం. మరి అన్ని లోకాలుంటే అన్నిటిలోనూ ఆయన సిలువ ఎక్కాలా? "ఒక్కసారి కార్చిన రక్తం అన్ని లోకాలకూ చాలదా అమ్మా?" అంది ఆవిడ. ఆ మాటకు నాకు ఒళ్లు పులకరించింది. ఆయన్ను పట్టిచ్చిన శిష్యుడు ఆ పని చేయకుండా ఇంటికి వెళ్లిపోయిన లోకం కూడా ఉండాలిగా, అక్కడ సిలువ ఏది అన్నాను. అన్నిటికంటే నన్ను తినేసింది ఇంకో ప్రశ్న. ఇక్కడ మునగనివాడు, అక్కడ మునిగినవాడు ఇద్దరూ నా తమ్ముడే అయితే తీర్పు రోజున దేవుడి ముందు నిలబడేది ఎవరు? ఒకణ్ణి పిలిచి ఒకణ్ణి తోసేస్తాడా? పైగా అన్నీ ఎలాగూ జరిగేవే అయితే నేను ఒక్క వారం ఆగమన్నది తప్పే కాదు. అలా తప్పించుకోవడానికే నేను ఈ లోకాలను పట్టుకున్నానేమో అని కూడా భయపడ్డాను. అదీ ఆవిడకు చెప్పాను.

"ఇది మనిద్దరి మధ్యే ఉంటుందిలేమ్మా" అంది ఆవిడ. నేను నమ్మాను.

మా సంఘంలో శనివారం పొద్దున ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఉంటుంది. కొత్తగూడ జంక్షన్‌లో దుకాణాల పైన మా హాలు, కిటికీలు తీస్తే ఫ్లైఓవర్ చప్పుడు. అమ్మ నా పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పాస్టరమ్మ ప్రార్థన అంశాలు అడిగితే ఆవిడ లేచింది.

"ప్రార్థన కోసమే చెబుతున్నానండి. ఒక సహోదరి ఉన్నారు. వాళ్ల తమ్ముడు బాప్తిస్మం లేకుండానే చనిపోయాడండి. ఆ బాధలో ఇంకో లోకం ఉందనీ, అక్కడ ఆ అబ్బాయి బాప్తిస్మం తీసుకున్నాడనీ అనుకుంటున్నారు. ఈ సైన్సు మాటలతో సాతాను ఎలా మోసం చేస్తున్నాడో చూడండి. ఆమె కళ్లు తెరవబడాలని ప్రార్థన చేద్దామండి."

అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా మా అమ్మే అంది. రెండు చేతులూ ఎత్తి, "ప్రభువా, ఆ బిడ్డ కండ్లు తెరువు" అని వేడుకుంది. ఆ తర్వాత ఎత్తిన చేతులు మెల్లగా ఒళ్లోకి దిగాయి. నా వైపు తిరిగింది. నేను తల ఎత్తలేదు, అమ్మకు అది చాలు.

మెట్ల మీద ఆవిడను ఆపాను.

"నీ పేరు చెప్పలేదు కదమ్మా" అంది. నేను చూసిన చూపుకు గొంతు తగ్గించి, "నీతో కలిసి నేనూ అలా ఆలోచించాను కదా, నాకు భయమేసింది. నా రక్షణ పోతుందేమోనని నిద్రపట్టలేదు" అంది.

"భయం నీకు, ప్రార్థన నాకా? ఒక్క రక్తం అన్ని లోకాలకు చాలదా అన్నది ఎవరక్కా? ఒక సహోదరి కాదు, ఇద్దరు సహోదరీలు అనాల్సింది" అన్నాను.

ఆవిడ ఏడ్చింది. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ కలగడం లేదు. సోమవారం నుంచి బస్సు మార్చుకున్నాను. నన్ను కాపాడాలని చెప్పిందో, తనను తాను కాపాడుకోవాలని చెప్పిందో నాకు అనవసరం. అన్నం కలిపి పెట్టిన చేతుల్లో నా తమ్ముణ్ణి పెట్టాను. వాణ్ణి హాలు నిండా పంచింది.

ఆ శనివారం ఇంటికొచ్చాక ఉపవాసం విడవమని అమ్మకు పాలు వేడి చేసి ఇచ్చాను, ముట్టలేదు. నేనే మొదలుపెట్టాను. అలాంటి మనిషిని మళ్లీ గడప తొక్కనివ్వొద్దని, నమ్మించి నట్టేట ముంచిందని, నోటికొచ్చినవన్నీ అన్నాను. అమ్మ అంతా విన్నది.

"ఆమె మీద ఎందుకే కోపం? ఆమె పదిమందిల నిజం చెప్పింది. నువ్వు నా కొడుకు పీనుగ ముంగట నిలబడి నాకు అబద్ధం చెప్పినవ్."

"నువ్వు తట్టుకోలేవనమ్మా. ఏడవకుండ ఉంటవని."

"ఏడ్చేదాన్ని. ఏడిస్తే ఏమైతది?" అంది. గొంతులో కోపం లేదు, అదే నాకు భరించరానిదిగా ఉంది. "ఆర్నెల్ల సంది పొద్దున లేచి వాని కోసం స్తోత్రం చెప్తున్న. వాణ్ణి చేర్చుకున్నవ్ ప్రభువా, నీకు స్తోత్రం అని. ఒక్కనాడు గూడ వాణ్ణి క్షమించు అని అడగలే. అయిపోయిందన్నవ్ గద, ఇగ ఎందుకు అడుగుత?"

చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయకూడదని పాస్టరయ్య చెబుతాడు కదమ్మా అన్నాను.

"తెల్సు. అయినా తల్లిని, అడిగేదాన్ని. ఇనుడు, ఇనకపోవుడు ఆయన ఇష్టం. ఇన్నొద్దులు నన్ను అడగనియ్యకపోతివి బిడ్డా."