భిన్నం కాకూడని తల్లి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చిన కొత్తలో మా ఇంట్లో మాటలకంటే ఉలి చప్పుడే ఎక్కువ. మా ఆయన శిల్పి. తెల్లారీ తెల్లారకముందే ఇంటిముందు పందిట్లో రాయి దగ్గర కూర్చునేవాడు. నిద్ర చెడగొడుతున్నాడని నేను రోజూ సణిగేదాన్ని.

డెబ్బైల చివర్లో, పొద్దున లేవగానే ఆయన మొహం ఉబ్బి కనిపించడం మొదలైంది. నంద్యాలలో మా పుట్టింటివాళ్లు, "అల్లుడు ఒళ్లు చేసినాడే! పెండ్లాం చేతి తిండి పట్టినట్టుంది" అని మురిసిపోయారు. నేనూ తక్కువేం పొంగిపోలేదు. కాళ్లు చెప్పుల్లో పట్టనంతగా వాచాక గానీ డాక్టరు దగ్గరికి పోలేదు. నంద్యాల డాక్టరు మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద కాచాడు. గుడ్డు తెల్లసొన ఉడికినట్టు అది తెల్లగా గడ్డకట్టింది. మూత్రపిండాల జబ్బు, ఉప్పు మానెయ్యమన్నాడు.

చప్పిడి సంగటి ముద్ద ముందు పెట్టుకుని ఆయన నన్ను ఆటపట్టించేవాడు. "ఉప్పు తిన్నోడికే గదా విశ్వాసం ఉండేది! ఇంగ నన్నేం అడగొద్దు నువ్వు." నేను నవ్వి, వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకునేదాన్ని. ఆయన పక్కన కూర్చుని ఇంకొక్కసారి ఆ ఉప్పులేని ముద్ద తినాలని ఎంత ఆశగా ఉంటుందో చెప్పలేను.

ఎనభైల మొదట్లో జబ్బు ముదిరింది. కడపదాకా బస్సులో, అక్కణ్ణుంచి రైల్లో మద్రాసు పోయాం. మా అత్త కూడా వచ్చింది. అక్కడి పెద్దాసుపత్రిలో వీపులోంచి సూదితో చిటికెడు కండ తీసి పరీక్ష చేశారు. రెండు మూత్రపిండాలూ చెడిపోయాయన్నారు. రక్తాన్ని బయటికి తీసి కడిగే మిషన్ పెట్టారు. మిషన్ నుంచి లేచిన రోజు ఆయన "ఆకలైతాంది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మావైపు ఎక్కడా అలాంటి మిషన్ లేదు. దగ్గరివాళ్లెవరైనా ఒక మూత్రపిండం ఇస్తే మార్చి పెడతామన్నారు. నాది కలవలేదు. మా అత్తది కలిసింది. ఇచ్చినవాళ్లు మిగిలినదానితో హాయిగా బతుకుతారని డాక్టరు నచ్చజెప్పాడు.

అత్త ఆ నిమిషమే సరేనంది. ఆయనే ఒప్పుకోలేదు. శిల్పుల ఇళ్లలో ఒక నియమం ఉంది. విగ్రహానికి వేలి కొస విరిగినా అది భిన్నమైనట్టే. ఎన్ని నెలల పనైనా సరే, ఇక పూజకు పెట్టరు, ఏట్లో వదిలేస్తారు. ఆ నియమాన్ని ఆయన రాయి దగ్గరే ఆపకుండా తల్లిదాకా తెచ్చాడు.

"దేవుణ్ణే భిన్నం చెయ్యగూడదంటాం. అమ్మను కోయిచ్చి నేను బతకాల్నా?"

"నేనేమన్నా బండనా రా?" అని అత్త కసిరింది. "నిన్ను కన్నపొద్దే భిన్నమైతి. ఇంగ మిగిలిందేముంది?"

"వద్దంటే వద్దు మా."

నేను బతిమాలాను, తిట్టాను, ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగా కాళ్లు పట్టుకున్నాను. మొండివాడు రాజుకంటే బలవంతుడు. ఊరికి తిరిగొచ్చేశాం. వానలు మొదలుకాకముందే ఆయన పోయాడు. ఆ మొండితనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. అయినా నాకు ఆ మనిషే కావాలి.

ఎనభైల చివరికి కొత్త మందులొచ్చాయనీ, మార్చిన మూత్రపిండాలు మునుపటికంటే బాగా నిలుస్తున్నాయనీ చెప్పుకునేవాళ్లు. బనగానపల్లెలో ఒకాయన తన అన్న ఇచ్చినదానితో తిరుగుతున్నాడని విని, నేనూ అత్తా బస్సెక్కి చూడబోయాం. ముక్కూమొహం తెలియని మనిషి. మామిడికాయల బేరంలో గట్టిగా అరుస్తున్నాడు. పక్కనే వాళ్లన్న గంపలు ఎత్తుతున్నాడు. అత్త ఇద్దరినీ తేరిపార చూసింది.

తిరుగు బస్సులో నా చెయ్యి పట్టుకుని తన నడుముకు ఆనించుకుంది.

"రెండూ ఈడనే ఉండాయి సూడు మే" అంది.