దారి మళ్లిన ఆరో స్తంభం

గంగులు కరెంటాఫీసులో లైన్‌మేన్. 1968 వేసవిలో, నెల్లిమర్లకు ఆమడ దూరంలో ఉన్న తన సొంతూరికి కరెంటు వేసే పని అతనికే పడింది. ఊరి మొదట్లో ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. అక్కణ్ణించి స్తంభాల మీదుగా వీధిలోకి లైను, ఒక్కో స్తంభం నుంచి ఇళ్లకు సర్వీసు తీగ. ప్లానులో ఆఖరుదైన ఆరో స్తంభం, తుంగచాపలు అల్లుకు బతికే కూర్మమ్మ ఇంటి పక్కన ఉంది. గోతులు తవ్వినన్నాళ్లూ ఆవిడ పనివాళ్లందరికీ చోడి అంబలి పోసింది.

అడ్డవీధిలో ఉండే అక్క మొగుడు దాలయ్య గంగులును పట్టుకున్నాడు. "మీ అప్ప సీకట్లో ఉంటే నీకు బాగుంటాదేటి బామ్మర్దీ?"

గంగులు రెండు రోజులు నసిగి, మూడో రోజు ఆరో గొయ్యి అడ్డవీధిలో బావ ఇంటి పక్కన తవ్వించాడు. కూర్మమ్మ అడిగితే మొహం చూడకుండా చెప్పాడు: "మీ ఇంటికి తీగ అందదు పిన్నీ."

"నువ్వేటి సేస్తావులే నాయినా," అంటూ ఆవిడ అతని ముంత నింపింది. అతను ఆ ముంత పక్కనున్న కూలీకి అందించాడు.

దీపాలు వెలిగిన సాయంత్రం కూర్మమ్మ దాలయ్య ఇంటి ముందు, వీధిలో పడే వెలుతురులో కూర్చుని చాప అల్లుకోసాగింది. "పురుగులొచ్చేస్తన్నాయి," అంటూ గంగులు అక్క జగ్గమ్మ లైటు కట్టేసింది. కూర్మమ్మ సగం చాప చుట్టుకుని, తడుముకుంటూ వెళ్లిపోయింది. ఎదురుగానే ఉన్న గంగులు అదంతా చూశాడు.

తెల్లారి విజయనగరం బస్సెక్కి, ఇంజనీరుగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన చెడతిట్టి, సాలూరుకు బదిలీ చేశారు. కూర్మమ్మ ఇంటికి కొత్త స్తంభం మంజూరు కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ పని తనకే ఇమ్మని బతిమాలుకుని వచ్చాడు గంగులు.

బల్బు వెలగ్గానే కూర్మమ్మ ఇరుగుపొరుగును కేకేసింది. "మన గంగులు పెద్దాఫీసులో దెబ్బలాడి తెచ్చినాడు, సూడండర్రా!"

గంగులు నిచ్చెన దిగి వచ్చాడు. "కాదు పిన్నీ. స్తంభం మొదట్నించీ నీ ఇంటికాడిదే. మా బావ కోసం నేనే తిప్పేసినాను."

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అడిగితే నేనే ఒదిలీదాన్ని కదరా. అబద్ధమెందుకు సెప్పినావు?"

ఆవిడ లోపలికెళ్లి తుంగ ముందేసుకుంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. గంగులే సంచి భుజానేసుకుని కదిలాడు.

తర్వాత సాలూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో లైను వేసినా, గొయ్యి తవ్వే ముందు ఆ వీధివాళ్లందరినీ పిలిచి ప్లాను చూపించేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేవాడు.