రెండూ ఎడమవైపువే

మా మామ పోయారన్న కబురు ఇంట్లో మొదట నాకే వచ్చింది. పదిహేను రోజులుగా ఆయన నాగర్‌కర్నూల్ దవాఖానలో ఉన్నారు. అత్త ఆయన దగ్గర ఉంది. ఇంట్లో నేనూ, ఏడాదిన్నర పాపా. పొద్దున పాపకు అన్నం తినిపిస్తుంటే ఫోన్ మోగింది. చేసింది మా మరిది.

"వదినా, నాయన పోయిండు. నువ్వు ఇంట్లనే ఉండు, యాడికీ పోకు. మేం తీస్కొస్తున్నం."

నేను ఎక్కడికి పోతాను? మా ఇల్లు కొల్లాపూర్ దగ్గర, ఊరికి దూరంగా మామిడి తోటలో ఉంది. వాళ్ళు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతవరకు ఆ కబురు తెలిసి కూడా ఎవరికీ చెప్పుకోలేక ఒక్కదాన్నే కూర్చున్నాను. తర్వాత లేచి వాకిలి ఊడ్చాను. మామ కారు మీద రాలిన ఆకులు తీసేశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు.

నేను ఏడో తరగతి వరకే చదివాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. పోయినవారి గురించి రాసేటప్పుడు వాళ్ళు చేసిన పెద్ద పనులు చెప్తారు. మా మామ అలాంటివేమీ చేయలేదు. నలభై ఏళ్ళు బండ్లు నడిపారు. ముందు వేరేవాళ్ళ లారీలు, తర్వాత తన సొంత పాత డీజిల్ కారు. నాకు ఆయన చేసిన మేలు ఆ కారుతోనే ముడిపడి ఉంది. అందుకే దాని గురించే రాస్తున్నాను.

మా అత్తగారింట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు, ఎదురుగా నిలబడదు. ఏదైనా చెప్పాలంటే అత్తతో చెప్పాలి, అత్త ఆయనతో చెప్తుంది. అత్త లేనప్పుడు వాకిట్లో కట్టేసిన బర్రెతో చెప్పేదాన్ని. "నీళ్ళు కాగినయే బర్రె" అని తలుపు వెనక నుంచి అంటే, మామ కూడా బర్రె వైపే చూసి, "సరే తియ్, పోసుకుంట" అనేవారు. పెళ్ళయిన మొదటి రెండేళ్ళూ మా ఇద్దరి మాటలన్నీ ఆ బర్రె విన్నవే. నా భర్త పుణెలో పనికి పోతే ఆరు నెలలకొకసారి వస్తాడు.

మామకు దూరపు చూపు బాగుండేది. తోట చివర ఏ చెట్టు మీద కోతి ఉందో కూర్చున్నచోటి నుంచే చెప్పేవారు. చేతిలో ఉన్నది మాత్రం కనిపించేది కాదు. అద్దాలు పెట్టుకోమని అత్త పోరు పెట్టేది. "డ్రైవరుకు అద్దాలుంటె గిరాకీ బండెక్కడు" అని ఆయన కొట్టిపారేసేవారు. రోజూ పొద్దున కారు స్టార్ట్ చేసి, బానెట్ మీద స్టీలు గ్లాసులో నీళ్ళు పెట్టి, నాలుగు అడుగులు వెనక్కి వచ్చి చూసేవారు. నీళ్ళు ఎలా కదులుతున్నాయో చూస్తే ఇంజన్ బాగుందో లేదో ఆయనకు తెలిసిపోయేది.

నా కడుపులో పాప పడ్డ ఏడాది ఆ గ్లాసు నిలవడం మానేసింది. నీళ్ళు చిందేవి, గ్లాసు జారి కింద పడేది. ఇంజన్ రబ్బర్లు పోయాయన్నారు మామ. ఇంజన్‌కు అటూ ఇటూ ఇనుప పలకల మధ్య రబ్బరు దిమ్మలు ఉంటాయి. బరువంతా వాటిమీదే కూర్చుంటుంది. నూనె కారి కారి వాటిని తినేసింది.

అదే నెలలో రాజోలిలో మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట తడబడుతోందని, రోజురోజుకూ మాటలు తగ్గిపోతున్నాయని అన్న ఫోన్ చేశాడు. మొదటి కాన్పుకు నేను పోవలసిన పుట్టిల్లు అది. ఇక కాన్పుకే కాదు, చూసి రావడానికి కూడా దారి లేకుండా పోయింది. బస్సులో అంటే మూడు మారాలి. మా కారులో అంటే అత్త ఒప్పుకోలేదు.

"బండి గిట్ల గడగడ ఊగుతుంటె కడుపుతోటున్న పిల్లను దాన్ల కూసోబెడ్తరా? నా మొదటి కానుపు బండి కుదుపులకే పాయె. మర్చిపోయిన్రా?" అని మామను అడిగింది. "ఇంకొకటి. ఏడో నెల పడితె ఏరు దాటొద్దు. మా ఇంట్ల ఎవ్వరూ దాటలే."

రాజోలికి పోవాలంటే కృష్ణ దాటాలి. నాకప్పుడు అయిదో నెల నడుస్తోంది. ఏడో నెల రాకముందే కారు బాగుపడితే అమ్మను చూస్తాను. లేకపోతే కాన్పయ్యాక, బాలింతతనం తీరాకే. అప్పటికి అమ్మకు మాట ఉంటుందో ఉండదో. రోజంతా అదే లెక్కపెట్టుకునేదాన్ని. తోట కంచె దాకా నడిచి, అక్కడ నిలబడి, మళ్ళీ వచ్చేదాన్ని.

నెల పరీక్షకు నన్ను వనపర్తి దవాఖానకు తీసుకుపోయిన రోజు మామ కూడా బస్సులో వచ్చారు. పాత రబ్బర్లు తువ్వాలలో మూటకట్టుకున్నారు. దవాఖాన పని అయ్యాక కాళ్ళు గుంజుతున్నాయని అత్త బస్టాండులో కూర్చుంది. నేను నీళ్ళ సీసా కొనుక్కోవడానికి లేస్తే, "మీ మామ ఎనక పో, ఒక్కదానివి తిరగకు" అంది. అలా బండి సామాన్ల దుకాణం మెట్టు దగ్గర కొంగు కప్పుకుని నిలబడ్డాను.

దుకాణదారు రెండు డబ్బాలు తెచ్చి పెట్టాడు. "ఈ బండికి గివ్వే పెద్దాయనా. కండ్లు మూసుకొని పట్కపో."

మామ రబ్బరు మీద గోరు గుచ్చి చూశారు. వాసన చూశారు. "ఒకటి ఎడమది, ఒకటి కుడిది కావాలె. వేరువేరే ఇచ్చినవా?"

"ఇన్నేండ్ల సంది అమ్ముతున్న, నాకు తెల్వదా?"

గల్లా మీద నాలుగూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కోదాని ఇనుప పలక మీద చిన్న గుబ్బ ఉంది. పాతవాటిలో ఒకదానికి గుబ్బ లోపలి వైపు, ఇంకోదానికి బయటి వైపు. విడిచిన చెప్పుల జతలా ఉన్నాయి. కొత్తవి రెండింటికీ గుబ్బ ఒకే వైపు ఉంది. రెండూ ఎడమ కాలి చెప్పులే.

నాకు కనిపించింది. మాట నోటిదాకా వచ్చింది. కానీ అక్కడ అత్త లేదు, బర్రె లేదు. పరాయి మగవాళ్ళ ముందు మామతో ఎలా మాట్లాడను? బస్టాండుకు పోయాక అత్తతో అందామనుకున్నాను. నలుగురిలో ఆమె ఆయనను ఏమంటుందోనని భయపడ్డాను. బిగించే మెకానిక్ చూసుకుంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మెకానిక్ చూసుకున్నాడు. కుడివైపు గుబ్బ రంధ్రంలో కూర్చోకపోతే దాన్ని కోసేసి బోల్టు బిగించాడు. మరునాడు మామ గ్లాసు పెట్టారు. స్టార్ట్ చేయగానే గ్లాసు ఎగిరి పడింది. బండి మునుపటికంటే ఎక్కువ వణికింది.

"నలబై ఏండ్లు బండి నడిపినోనికి రబ్బరు కొనుడు రాదాయె" అని అత్త వచ్చినవాళ్ళందరి ముందూ అనేది. మామ తువ్వాల దులుపుకుని తోటలోకి పోయేవారు. రోజుల తరబడి కారు కింద దూరి చూశారు. తప్పు చేతికి అందేంత దగ్గరలో ఉంది, అందుకే ఆయనకు కనిపించలేదు. తప్పు తెలిసిన నేను తలుపు వెనక ఉన్నాను. అన్నం సహించేది కాదు. ఆరో నెల పడింది. అన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "అమ్మ నీ పేరు ఒక్కటే తిన్నగ అంటుందే" అన్నాడు.

అత్తతో అంటే, అప్పుడే ఎందుకు చెప్పలేదంటుంది. బర్రెతో అనబోయి, దానికి కుడితి పోసి వచ్చేశాను. ఆ మరుసటి పొద్దున కళ్ళాపి చల్లి ముగ్గు గిన్నె పట్టుకున్నాను. చుక్కలు పెట్టలేదు. అరుగు మీద నుంచి కనిపించేట్టు, జానెడేసి అక్షరాలతో వాకిట్లో రాశాను. "రబ్బర్లు రెండూ ఎడమవైపువే. నేను చూశాను."

మామ అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. పెదవులు కదిలిస్తూ చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఇంతలో అత్త వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"గిదేం ముగ్గే? చుక్కల్లేవు, గీతల్లేవు. పామును తొక్కినట్టుంది."

"మంచిగనే ఉంది తియ్" అన్నారు మామ. కిందికి దిగి, కారు దగ్గరికి పోతున్నట్టే పోతూ, అక్షరాలన్నీ కాలితో చెరిపేశారు. తర్వాత బర్రె దగ్గరికి పోయి దాని వీపు మీద చెయ్యి వేశారు. "చూసినోళ్ళు గప్పుడే చెప్పొచ్చు గదనే" అన్నారు. దాని మెడ నిమిరి, "పోనీ. గిప్పుడన్న చెప్పిన్రు" అన్నారు.

నేను తలుపు వెనక ఏడ్చాను. ఆ తప్పు నాదని ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బతికినన్నాళ్ళూ అత్త ఆ మాట ఎత్తి పొడిచినప్పుడల్లా నవ్వి ఊరుకున్నారు.

రెండు రోజుల తర్వాత, "కోడలు నాతోని వనపర్తి వస్తది. నాకు చేతిలది కనపడదు" అని అత్తతో అన్నారు. కనపడదని ఆయన నోటితో ఒప్పుకోవడం అదే మొదటిసారి.

దుకాణం మెట్టెక్కే ముందు ఆయన ఆగారు. నా వైపు చూడకుండా, రోడ్డు వైపు చూస్తూ, నాతోనే అన్నారు.

"బిడ్డా, లోపల మామ లేడు. గిరాకీ ఉన్నడు. నువ్వు గూడ గిరాకీవే."

దుకాణదారు గుబ్బ కోసిన రబ్బరు చూసి నవ్వాడు. "గిట్ల కోస్తె నేనేం జేస్త? గట్టిదొకటుంది, ఇస్తనుండు. పదేండ్లు సూడనక్కర్లేదు."

"గట్టిదొద్దు" అన్నారు మామ. "ఇంజన్ అన్నంక కదుల్తది. దాన్ని కదలనియ్యకపోతె ఆ వణుకంత లోపల కూసున్నోళ్ళకొస్తది." తర్వాత పక్కకు జరిగి నాకు చోటిచ్చారు.

డబ్బాలన్నీ తెరిపించాను. ఆయన చేసినట్టే గోరు గుచ్చాను. ఒకదానిలో గోరు దిగింది కానీ గుంట అలాగే ఉండిపోయింది. ఇంకోదాని అంచున సన్నటి పగుళ్ళున్నాయి. వాడకపోయినా డబ్బాలోనే పాతబడింది. రెండూ పక్కన పెట్టాను. గుబ్బలు పాతవాటితో కలిపి చూశాను.

"గిది ఎడమది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దీనికి కుడిది ఇయ్యుండ్రి. మొన్న రెండూ ఎడమవే ఇచ్చిన్రు."

"నీకు గూడ బండ్ల సంగతి తెల్సా అమ్మా?"

"మా ఇంట్ల మెకానిక్కు ఆమెనే" అన్నారు మామ, ముఖం ఏమాత్రం మార్చకుండా.

ఈసారి బిగించేటప్పుడు ఆయన మెకానిక్ నెత్తి మీదే నిలబడ్డారు. "ఒక్కసారే బిగియ్యకు. ఇంజన్ నడవనియ్యి, అదే కుదురుకుంటది. గప్పుడు బిగియ్యి." మరునాడు గ్లాసులో నీళ్ళు సన్నగా వలయాలు తిరిగాయి, చుక్క కూడా చిందలేదు. అయినా అత్త నమ్మలేదు. ముందు తనే ఎక్కి కొల్లాపూర్ దాకా పోయి వచ్చింది. దిగి నడుం తడుముకుని, "పొండ్రి. పొద్దుగూకకముందే ఇంట్ల ఉండాలె" అంది. బర్రె ఈనే రోజులు కాబట్టి ఆమె రాలేదు.

ఏడో నెలకు తొమ్మిది రోజులుందనగా నేను కృష్ణ దాటాను.

అమ్మ నన్ను గుర్తుపట్టింది. బాగున్న చేత్తో నా కడుపు తడిమింది. "తిన్నవా?" అంది. తిన్నానన్నాను. కాసేపటికి మళ్ళీ "తిన్నవా?" అంది. ఇంకేదో చెప్పాలని చాలా ప్రయత్నించింది, రాలేదు. మామ లోపలికి రాలేదు. మూడు గంటలు కారులోనే కూర్చున్నారు. అన్న మంచినీళ్ళు తీసుకుపోతే, "లోపల ఆడోళ్ళు మాట్లాడుకుంటున్నరు, నేనెందుకు" అన్నారట.

ఆ వానాకాలంలోనే అమ్మ మాట పూర్తిగా పోయింది. మంచంలోనే ఉంది, ఇప్పటికీ. పాప పుట్టాక మామ నన్ను మూడుసార్లు రాజోలికి తీసుకుపోయారు. మళ్ళీ ఎప్పుడన్నది తెలియదు. దినాలు అయిన మరునాడు నా భర్త, మరిది కారు చుట్టూ తిరిగి చూశారు. "ఎవరు నడుపుతరు దీన్ని? ఉంచుకొని ఏం జేస్తం?" అనుకున్నారు. నేను వెనకటిలాగే తలుపు వెనక ఉన్నాను. బయటికి వచ్చి, "ఉండనియ్యుండ్రి" అన్నాను. ఇద్దరూ తల తిప్పి చూశారు. ఇంకా ఏదీ తేలలేదు. రేపో మాపో నా భర్త పుణె పోతాడు. నాకు నడపడం రాదు.

నేను కడుపుతో రాజోలి పోయిన ఆ రోజు, తిరుగు ప్రయాణంలో జరిగింది ఒకటి నేను ఇంట్లో చెప్పలేదు.

అమ్మ ముందు ఏడవలేదు. అన్న ముందు ఏడవలేదు. కారులో వెనక సీట్లో కూర్చుని, మామ ముందు ఏడవకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నాను. వంతెన దాటాం. పెబ్బేరులో పశువుల సంత జరిగే మైదానం పక్కన ఆయన కారు ఆపారు. ఆ రోజు సంత లేదు. మనిషి లేడు, పశువు లేదు. అంతా ఎండ. ఆయన ఇంజన్ ఆపకుండానే దిగారు. మైదానం మధ్య దాకా నడిచిపోయి, నాకు వీపు చూపి నిలబడ్డారు. అప్పుడు గొంతెత్తి ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అటువైపు ఖాళీ నేల తప్ప చూడటానికేమీ లేదు. అయినా ఆయన తువ్వాల నెత్తి మీద వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, అటే చూస్తూ నిలబడ్డారు.